ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర చిహ్నాలు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలులో, నెల్లూరులో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలూ, బడి ప్రాజెక్టులు చేయించలేక తలపట్టుకునే తల్లిదండ్రులూ రాష్ట్ర చిహ్నాల గురించి అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాం. పరీక్ష మట్టుకైతే ఒక్క ముక్కలో చెప్పే జవాబు చాలు. కానీ ఈ చిహ్నాల్లో చాలావాటి వెనక మన రెండు జిల్లాల మనుషులున్నారు, మన నేల ఉంది, మన పశువులున్నాయి. ఆ సంగతి వదిలేసి ఉత్త జాబితా ఇవ్వడానికి మనసొప్పలేదు. అందుకే కొన్ని జవాబులు పొడుగ్గా సాగాయి.

ఇప్పుడు మన రాష్ట్ర చిహ్నాలు ఏవి?

రాష్ట్ర పక్షి రామచిలుక. రాష్ట్ర జంతువు కృష్ణజింక. రాష్ట్ర వృక్షం వేప. రాష్ట్ర పుష్పం మల్లె. విభజన తర్వాత 2018లో ప్రభుత్వం ఈ నాలుగింటినీ ప్రకటించింది. వీటితోపాటు ఫలంగా మామిడిని, నృత్యంగా కూచిపూడిని, ఆటగా కబడ్డీని చెప్పుకుంటాం. మన పల్లెల్లో చెడుగుడు అనేది ఆ కబడ్డీనే. రాష్ట్ర గీతం 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ'. అధికార భాష తెలుగు, రెండో అధికార భాష ఉర్దూ.

మా దగ్గరున్న పుస్తకంలో రాష్ట్ర పక్షి పాలపిట్ట అనీ, పువ్వు కలువ అనీ ఉంది. ఏది రాయాలి?

రామచిలుక, మల్లె అని రాయండి. మీ పుస్తకం ఉమ్మడి రాష్ట్రం నాటి సమాచారంతో అచ్చయి ఉంటుంది. అప్పట్లో పాలపిట్టే రాష్ట్ర పక్షి, కలువే రాష్ట్ర పుష్పం. 2014 జూన్ 2న రాష్ట్రం రెండయ్యాక తెలంగాణ అదే సంవత్సరం తన చిహ్నాలు తాను ఎంచుకుంది. పాలపిట్టను తన పక్షిగా ఉంచుకుంది. జమ్మిని చెట్టుగా, తంగేడును పువ్వుగా, జింకను జంతువుగా ప్రకటించింది. దసరా నాడు జమ్మి పూజ చేయడం, పాలపిట్టను చూడటం, బతుకమ్మలో తంగేడు పేర్చడం అక్కడి జనజీవితంలో ఎంత లోతుగా ఉన్నాయో తెలిసినవాళ్లకు ఆ ఎంపిక ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. మన వైపు నుంచి కొత్త ప్రకటన రావడానికి మరో నాలుగేళ్లు పట్టింది. ఈ నడుమ అచ్చయిన గైడ్లలో పాత పేర్లే కొనసాగాయి. వాటిని చూసి మళ్లీ అచ్చువేసినవాళ్లూ ఉన్నారు. సెకండ్ హ్యాండ్ పుస్తకం కొంటే ముందు ఈ పేజీ తిప్పి చూడండి. పాలపిట్ట అని కనిపిస్తే మిగతా సమాచారం కూడా పాతదేమోనని ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

పాలపిట్ట మనది కాకుండా పోయిందని బాధపడేవాళ్లు కొందరు ఉన్నారు. అది కర్ణాటకకూ ఒడిశాకూ కూడా రాష్ట్ర పక్షే. ఒక పక్షిని రెండు మూడు రాష్ట్రాలు ఎంచుకోకూడదన్న నియమం ఏదీ లేదు.

తెలంగాణకు జింక, మనకు కృష్ణజింక. రెండూ ఒకటేనా?

కాదు. తెలంగాణ ఎంచుకున్నది చుక్కల జింక. దాని మగవాటికి కొమ్మలు కొమ్మలుగా చీలే కొమ్ములుంటాయి. అవి ఊడిపోయి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింక వేరే జాతి. దాని కొమ్ములు చీలవు, ఊడవు. మెలికలు తిరుగుతూ పైకి పెరుగుతాయి. వయసొచ్చిన మగజింక వీపు నలుపు తిరుగుతుంది, పొట్ట, కళ్ల చుట్టూ తెలుపు ఉంటుంది. ఆడజింకలు లేత గోధుమ రంగులో ఉంటాయి, వాటికి సాధారణంగా కొమ్ములు రావు.

ఇది దట్టమైన అడవిలో బతికే జంతువు కాదు. దానికి బయలు కావాలి, గడ్డి కావాలి, దూరం నుంచే ప్రమాదాన్ని పసిగట్టి పరుగెత్తే వీలుండాలి. అందుకే నల్లమలలో కంటే నంద్యాల జిల్లా రోళ్లపాడు లాంటి పచ్చిక నేలల్లో దీని పేరు ఎక్కువగా వినిపిస్తుంది. అలాంటి నేలలను మనం బీడు అంటాం, పనికిరాని భూమి అంటాం. రాష్ట్ర జంతువుకు ఇల్లు ఆ పనికిరాదన్న భూమే. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో అత్యధిక రక్షణ ఉండే మొదటి షెడ్యూల్‌లో కృష్ణజింక ఉంది. పంజాబ్, హరియాణాలకు కూడా ఇదే రాష్ట్ర జంతువు.

ఒంగోలు గిత్తకు ప్రపంచమంతా పేరుంది కదా, దాన్ని రాష్ట్ర జంతువు ఎందుకు చేయలేదు?

ఒంగోలు వైపు పిల్లలు ఈ ప్రశ్నను కొంచెం కోపంగానే అడుగుతారు. ఆ కోపంలో న్యాయముంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

రాష్ట్ర జంతువును, పక్షిని ఎంచుకునేటప్పుడు రాష్ట్రాలు చాలావరకు అడవి ప్రాణులనే తీసుకుంటాయి. ఒక ప్రాణికి ఆ గౌరవం ఇస్తే జనం దాన్ని గుర్తుపడతారు, కాపాడతారు అన్నది ఇందులోని ఆలోచన. గిత్త పెంపుడు జంతువు. దాన్ని కాపాడాల్సింది రైతు, పశుసంవర్ధక శాఖ. కాబట్టి జాబితాలో లేకపోవడం దానికి అవమానమేమీ కాదు.

ఇక గిత్త సంగతికి వద్దాం. గుండ్లకమ్మ, మూసి నదుల నడుమ నేలను ఈ జాతికి పుట్టిల్లుగా చెబుతారు. తెల్లటి ఒళ్లు, ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు, పొట్టి కొమ్ములు, నల్లరేగడిలో బరువైన నాగలిని లాగగల సత్తువ దీని గుర్తులు. ఎండకూ రోగాలకూ తట్టుకునే గుణం చూసి పందొమ్మిదో శతాబ్దంలోనే విదేశాల వాళ్లు ఓడలెక్కించి తీసుకుపోయారు. బ్రెజిల్‌లో ఈ పశువుల సంతతిని 'నెలోర్' అంటారు. మన నెల్లూరే అది. అప్పట్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. అందుకే ఇక్కడ ఒంగోలు పేరుతో పిలిచే పశువు అక్కడ నెల్లూరు పేరుతో స్థిరపడింది. రెండు జిల్లాలవాళ్లూ గిత్త మాదంటే మాదని వాదించుకోవడానికి తగినంత చరిత్ర ఉందన్నమాట! బ్రెజిల్ మాంసపు పశుసంపదలో పెద్ద భాగం ఈ సంతతిదే. వియాటినా-19 అనే నెలోర్ ఆవు ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన ఆవుగా గిన్నిస్ రికార్డుకెక్కింది.

చిహ్నంగా గిత్తకు చోటు దక్కిన సందర్భం ఒకటుంది. 2002లో హైదరాబాద్ వేదికగా జాతీయ క్రీడలు జరిగినప్పుడు వాటి మస్కట్ ఒంగోలు గిత్తే. దాని పేరు వీర.

మా అభిప్రాయం అడిగితే, గిత్తకు బిరుదు కంటే మేత ముఖ్యం. ట్రాక్టర్లు వచ్చాక దుక్కిటెద్దుల పని తగ్గిపోయింది. పశుగ్రాసపు బీళ్లు తగ్గాయి. మేలుజాతి గిత్తను మేపడం చాలామంది రైతులకు తలకు మించిన ఖర్చయింది. బండలాగుడు పోటీల కోసం ఇష్టంగా పెంచేవాళ్లు, చదలవాడ పశుక్షేత్రం లాంటి ప్రభుత్వ క్షేత్రాలు ఉండబట్టే ఈ మాత్రమైనా మిగిలింది. పిల్లల ప్రాజెక్టులో గిత్త బొమ్మ అతికించేటప్పుడు ఈ మాట కూడా రాయించండి.

రాష్ట్ర అధికార ముద్రలో ఉన్న కుండ ఏమిటి?

అది పూర్ణఘటం. పూర్ణకుంభమని కూడా అంటారు. నిండిన కలశం నుంచి తామరలు విచ్చుకుంటూ బయటికి వస్తున్నట్టు చెక్కడం అమరావతి శిల్పుల ప్రత్యేకత. పాడిపంటలకు, సమృద్ధికి అది గుర్తు. ఉమ్మడి రాష్ట్ర ముద్రలోనూ పూర్ణఘటం ఉండేది. 2018లో ఖరారైన ప్రస్తుత ముద్రను అమరావతి బౌద్ధ శిల్పాల ఆధారంగా రూపొందించారు. ధమ్మచక్రం, దాని నడుమ పూర్ణఘటం, చుట్టూ త్రిరత్నాలు (బుద్ధుడు, ధర్మం, సంఘం అనే మూడింటికి గుర్తు), ఆకుల అల్లిక ఉంటాయి. కింద జాతీయ చిహ్నమైన అశోకుడి సింహాలు, 'సత్యమేవ జయతే' అన్న మాట ఉంటాయి. సత్యమేవ జయతే ముండకోపనిషత్తులోది. సింహాల శిఖరం సారనాథ్‌ది. 1950 జనవరి 26న దాన్ని దేశం తన చిహ్నంగా స్వీకరించింది.

గుడికి పెద్దలొస్తే పూర్ణకుంభంతో ఎదురెళ్లే ఆచారం మనకుంది. మన ఇళ్లలో కొబ్బరికాయ, మామిడాకులతో కలశం పెడతాం. రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపం మీదున్న ఆకారమే హిందువుల పూజలోనూ, ప్రభుత్వ కాగితం మీదా కనిపిస్తోంది. రాష్ట్ర చిహ్నాలన్నింటిలో ఆలోచన బాగా కుదిరింది దీనికేనని మా నమ్మకం.

ఆ ముద్రను కారు మీద, విజిటింగ్ కార్డు మీద వేసుకోవచ్చా?

వేసుకోకూడదు. జాతీయ చిహ్నాన్ని ఎవరు, ఎక్కడ వాడాలో 2005 నాటి చట్టం, 2007 నాటి నియమాలు చెబుతాయి. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రాష్ట్ర ప్రభుత్వ ముద్రలను వ్యాపారానికి వాడటాన్ని 1950 నాటి మరో చట్టం నిషేధిస్తోంది. పదవి దిగిపోయినవాళ్లు కూడా పాత లెటర్‌హెడ్డు మీది ముద్రను వాడకూడదు. పిల్లలు పాఠం కోసం బొమ్మ గీసుకోవడం వేరు, దానికి అభ్యంతరం లేదు.

రామచిలుక రాష్ట్ర పక్షి కదా, ఇంట్లో పెంచుకోవచ్చా?

పెంచకూడదు. రామచిలుకను పట్టడం, అమ్మడం, కొనడం, పంజరంలో ఉంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పెట్ షాపుల్లో చట్టబద్ధంగా అమ్మే రంగురంగుల చిలుకలు విదేశీ జాతులు. మన పచ్చ చిలుక ఆ కోవలోకి రాదు. తిరునాళ్లలో చిలక జోస్యం చెప్పేవాళ్ల పెట్టెలో ఉండేది కూడా ఈ పక్షే. అది వాళ్ల బతుకుతెరువు కాబట్టి ఇది చెప్పడానికి నోరు రాదు. అయినా పక్షి పక్షాన నిలబడి చెప్పాల్సిందే: రెక్కలు కత్తిరించిన రామచిలుక మళ్లీ ఈకలు వచ్చేదాకా ఎగరలేదు.

గుర్తుపట్టడం తేలిక. మెడ చుట్టూ నలుపు, గులాబీ రంగు హారం ఉంటే అది మగపక్షి. ఆడపక్షికి ఆ హారం స్పష్టంగా ఉండదు. చెట్టు తొర్రల్లో గూడు పెడుతుంది. పాత చెట్లు కొట్టేస్తే దానికి ఇల్లు లేనట్టే. అయితే జొన్న, సజ్జ, పొద్దుతిరుగుడు వేసే రైతుకు ఈ పక్షి మీద ప్రేమ ఉండాలంటే కష్టమే. గుంపుగా దిగితే కంకులు ఖాళీ చేస్తుంది. వెనకటి రోజుల్లో మంచె ఎక్కి, డబ్బా కొట్టి, వడిసెల తిప్పి తోలేవాళ్లు. మెరిసే రిబ్బన్లు కట్టడం ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తోంది. తోలడం తప్పు కాదు. వల వేసి పట్టి సంతకు తీసుకెళ్లడమే తప్పు.

వేపకు ఆ గౌరవం ఎందుకు?

కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు ఎండాకాలంలో ఒకసారి తిరిగి వస్తే ఈ ప్రశ్న అడగరు. ఆ మెట్ట నేలల్లో వానలు మొహం చాటేసినా పచ్చగా నిలబడి నీడనిచ్చే చెట్టు వేపే. రచ్చబండ మీద నీడ దానిదే. పోలేరమ్మ గుడి పక్కనా అదే ఉంటుంది. ఆటలమ్మ పోసిన పిల్లవాడి మంచం మీద పరిచేది దాని రెమ్మలే. ఉగాది పచ్చడిలో చేదు దాని పూతదే. వేసవిలో రాలిన గింజలు ఏరి అమ్ముకుని నాలుగు రూపాయలు చూసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వేపపిండి చేలోకి, వేపనూనె పురుగుమందులోకి పోతాయి.

వేప మీద ఒక పెద్ద పోరాటమే జరిగింది. వేపనూనెతో బూజు తెగుళ్లను అరికట్టే పద్ధతి మీద ఒక అమెరికన్ కంపెనీకీ, అమెరికా వ్యవసాయ శాఖకూ యూరప్‌లో 1994లో పేటెంటు దక్కింది. మన రైతులకు తరతరాలుగా తెలిసిన సంగతి కొత్తగా కనిపెట్టిందెలా అవుతుందని భారతదేశం నుంచి, ఇతర దేశాల నుంచి ఉద్యమకారులు సవాలు చేశారు. 2000లో ఆ పేటెంటు రద్దయింది. అప్పీలు కూడా 2005లో వీగిపోయింది. 'వేప ఎందుకు ముఖ్యం' అన్న వ్యాసంలో ఈ సంగతి లేకపోతే ఆ వ్యాసం సగమే.

కొన్నేళ్ల కిందట తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్ల కొమ్మలు చివళ్ల నుంచి ఎండుకొచ్చాయి. చెట్టు చచ్చిపోయిందనుకుని కొందరు నరికేశారు. అది ఒక శిలీంధ్రం వల్ల వచ్చే తెగులు. అలా ఎండిన చెట్లలో చాలావరకు తర్వాత చిగురించాయి. మళ్లీ అలా కనిపిస్తే గొడ్డలి తీయకండి, ఎండిన కొమ్మలు మాత్రం తీసేసి ఆగండి.

రాష్ట్ర గీతానికి మన జిల్లాలతో సంబంధం ఉందా?

చాలా ఉంది. రాసినవారు తిరుపతికి చెందిన శంకరంబాడి సుందరాచారి, 1942లో. తన గొంతుతో ఊరూరా వినిపించినవారు టంగుటూరి సూర్యకుమారి. ఆమె టంగుటూరి ప్రకాశం పంతులుగారి తమ్ముడి కుమార్తె. గీతం తలచుకునే మహనీయుల్లో తిక్కన ఉన్నాడు. భారతాన్ని విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు తెలుగు చేసిన ఆ కవి నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రి. త్యాగయ్య కూడా ఉన్నాడు. ఆయన పుట్టి పెరిగింది తమిళనేల మీదే అయినా, ఇంటిపేరు కాకర్ల. ఉమ్మడి ప్రకాశం జిల్లాలోని కాకర్ల గ్రామమే ఆ వంశం మూలమని చెబుతారు. బడిలో పిల్లలచేత ఈ పాట పాడించే పంతుళ్లు ఈ రెండు పేర్ల దగ్గర ఒక్క నిమిషం ఆగి ఇది చెబితే, ఆ చరణం వాళ్లకు జన్మలో మరుపు రాదు.

ఇంకో సంగతి. గీతంలో తెలుగు తల్లి మెడలో మల్లెపూదండ 1942లోనే పడింది. మల్లెకు రాష్ట్ర పుష్పం హోదా వచ్చింది మాత్రం 2018లో.

అవతరణ దినం ఏది? అక్టోబరు 1, నవంబరు 1, జూన్ 2లలో ఏది సరైనది?

మూడు తేదీలూ మూడు వేర్వేరు సంఘటనలవి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1956 నవంబరు 1న తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. 2014 జూన్ 2న విభజన జరిగింది. విభజన తర్వాత కొన్నేళ్లు అవతరణ వేడుకలు జరగలేదు. 2019లో నవంబరు 1న మళ్లీ జరిపారు. ప్రశ్నలో 'ఆంధ్ర రాష్ట్రం' అని ఉందో 'ఆంధ్రప్రదేశ్' అని ఉందో చూసుకుని జవాబు రాయండి.

ఆ మొదటి తేదీ వెనక మన మనుషులున్నారు. పొట్టి శ్రీరాములు పుట్టింది 1901లో మద్రాసులో. పూర్వీకుల ఊరు కనిగిరి ప్రాంతంలోని పడమటిపల్లె. దళితులకు ఆలయ ప్రవేశం కావాలని 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి గుడి విషయమై నిరాహారదీక్ష చేసినవాడాయన. 1952 అక్టోబరు 19న మద్రాసులో రాష్ట్రం కోసం దీక్షకు కూర్చుని, డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. నాలుగు రోజులకు నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. ఆ రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం. తర్వాతి ముఖ్యమంత్రి నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం వాసి బెజవాడ గోపాలరెడ్డి. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం పేరు, నెల్లూరు జిల్లాకు 2008లో శ్రీరాములు పేరు పెట్టారు. కాబట్టి మన జిల్లాల పేర్లను కూడా రాష్ట్ర చిహ్నాలుగానే చూడాలని మేమంటాం, ప్రభుత్వ జాబితాలో లేకపోయినా సరే. ఫారాల్లో 'నెల్లూరు' అని పొట్టిగా రాసే అలవాటు అందరికీ ఉంది. పిల్లలకు మాత్రం పూర్తి పేరు రాయడం, అది ఎందుకు వచ్చిందో చెప్పడం నేర్పండి.

పులికాట్ ఫ్లెమింగోలు, రొట్టెల పండుగ, వెంకటగిరి చీర రాష్ట్ర చిహ్నాలేనా?

కావు. ఫ్లెమింగోలు శీతాకాలంలో పులికాట్ సరస్సుకు వచ్చే అతిథులు. నేలపట్టులో గూళ్లు కట్టే గూడబాతులకూ ఆ హోదా లేదు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో జరిగే రొట్టెల పండుగకు రాష్ట్ర పండుగ హోదా ఉంది. అంటే ఏర్పాట్లు ప్రభుత్వం తరఫున జరుగుతాయని అర్థం. వెంకటగిరి చీరకు, ఉదయగిరి చెక్క గరిటెలకు ఉన్నది భౌగోళిక గుర్తింపు. ఆ పేరుతో వేరేచోట తయారైన సరుకు అమ్మకుండా నేతగాళ్లకూ, పనివాళ్లకూ అది రక్షణ.

రాష్ట్రానికి సొంత జెండా ఉందా?

లేదు. మన జెండా మువ్వన్నెల జెండాయే.

ప్రాజెక్టు కోసం ఇవన్నీ ఎక్కడ చూడొచ్చు?

వేప, మల్లె, రామచిలుకలకు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. పొద్దున్నే పెద్ద చెట్లున్న చోటికి వెళ్తే చిలుకలు అరుస్తూ కనిపిస్తాయి. ఫోన్‌లో ఫోటో తీసి, మెడ హారం చూసి మగా ఆడా రాయించండి. టీచర్లు మెచ్చుకుంటారు. ఒంగోలు గిత్తల్ని చూపించాలంటే సంక్రాంతికి ఏ ఊళ్లో బండలాగుడు ఉందో కనుక్కోండి. పూర్ణఘటం శిల్పాలకు రెండు దారులున్నాయి. అమరావతిలోని మ్యూజియం ఒకటి. చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం రెండోది. బ్రిటిష్ కాలంలో అమరావతి స్తూపం పలకలు కొన్ని లండన్‌కు, చాలావరకు మద్రాసుకు తరలిపోయాయి. ప్రకాశం వాళ్లకు అమరావతి, నెల్లూరు వాళ్లకు చెన్నై దగ్గర. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. సెలవు రోజు ఏదో ముందుగా కనుక్కుని బయల్దేరండి.